సాయంత్రం నాలుగున్నరకి ఆగిపోయే ప్రోగ్రామ్

"ఒరేయ్, ఏదో పొరపాటు అంటోందిరా."

"ఏం పొరపాటు మావయ్యా?"

"నువ్వే కదరా రాసింది! నన్నడుగుతావేం?"

ఈ ఫోన్ జూన్ నెలలో, తొలకరి వాన పడ్డ మూడో రోజు సాయంత్రం వచ్చింది. మా మావయ్యది ఊళ్లో విత్తనాలు, పురుగుమందుల కొట్టు. సంక్రాంతి సెలవుల్లో ఆ కొట్టు కోసం సి షార్ప్‌లో, విండోస్ ఫార్మ్స్ వాడి, ఒక బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. జనవరి నుంచి మే దాకా ఏ గొడవా లేదు. నేను కూడా హాస్టల్లో "మన సాఫ్ట్‌వేర్ ప్రొడక్షన్‌లో ఉంది" అని చెప్పుకుని తిరిగాను. సరిగ్గా పత్తి విత్తనాల కోసం కొట్టు ముందు ముప్పైమంది రైతులు నిలబడ్డ రోజున అది మొండికేసింది. మావయ్య అటకమీంచి పాత బిల్లు పుస్తకం, కార్బన్ పేపరూ దించాడు.

ఆ ప్రోగ్రామ్‌ని బాగుచేస్తూ నేను నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ అంటే పాతకాలం సరుకని మనలో చాలామందికి చిన్నచూపు. మీ ఊరి మెడికల్ షాపులోనో, రైస్ మిల్లులోనో కంప్యూటర్ మీద ఏం నడుస్తోందో ఓసారి తొంగిచూడండి, తర్వాత మాట్లాడుకుందాం. మెకానికల్, సివిల్ మిత్రులకి కూడా అర్థమయ్యేలా రాయాలని ప్రయత్నించాను. కోడ్ మాత్రం పెట్టలేదు.

ముందు నా మొదటి తప్పు. మావయ్య చూసిన "ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి" అన్న వాక్యం అచ్చంగా నా రచనే. సి షార్ప్‌లో ట్రై, క్యాచ్ అని ఉంటాయి. తేడా కొట్టే అవకాశమున్న కోడ్‌ని ట్రైలో పెడతాం, తేడా కొడితే ఏం చెయ్యాలో క్యాచ్‌లో రాస్తాం. నేను ప్రతి బటన్ వెనకా ఒక క్యాచ్ పెట్టి, అందులో ఈ మర్యాదైన వాక్యం పడేశాను. ఏ ఎక్సెప్షన్ వచ్చింది, ఏ ఫంక్షన్‌లో, ఏ లైన్‌లో వచ్చింది అని సిస్టమ్ చెప్పబోయిన సంగతంతా నా చేతులతో నేనే చెత్తబుట్టలో వేశాను. పేషెంటు నోటికి ప్లాస్టర్ వేసి ఎక్కడమ్మా నొప్పి అని అడిగినట్టు.

అసలు క్యాచ్ రాయకపోయినా నయమే. విండోస్ ఫార్మ్స్ దానంతట అదే డీటెయిల్స్ బటన్ ఉన్న ఒక పెట్టె చూపించేది, మావయ్య దాన్ని ఫొటో తీసి పంపేవాడు. ఏ పెట్టే రాకుండా ప్రోగ్రామ్ మాయమైపోతే ఇంకో దారుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ అన్నచోట చూస్తే, డాట్ నెట్ రన్‌టైమ్ పేరుతో 1026 నంబరు ఎంట్రీ ఉంటుంది. చచ్చేముందు ప్రోగ్రామ్ ఇచ్చిన మరణ వాంగ్మూలం అన్నమాట.

ఆ ఆదివారం ఊరెళ్లి ఒక్క బగ్ కూడా బాగుచెయ్యలేదు. ప్రతి క్యాచ్‌లో ఎక్సెప్షన్ మొత్తాన్ని టైముతో సహా ఒక ఫైల్లోకి రాసే రెండు లైన్లు పెట్టి వచ్చేశాను. "ఇంతదూరం వచ్చి ఏం చేశావురా" అన్నాడు మావయ్య. చెప్పినా నమ్మడని చెప్పలేదు.

సోమవారం సాయంత్రం 4:40కి ఫైల్లో ఒక లైన్ పడింది. విన్32 ఎక్సెప్షన్, ఎర్రర్ క్రియేటింగ్ విండో హ్యాండిల్. కొత్త బిల్లు కోసం ఖాళీ గళ్లు గీసే ఫంక్షన్‌లో వచ్చింది. మావయ్య చెప్పిన గుర్తులు ఇవి: పొద్దున బాగుంటుంది, సాయంత్రానికి పోతుంది. మూసి మళ్లీ తెరిస్తే పనిచేస్తుంది. జనం తక్కువున్న రోజుల్లో అసలు రాదు. "సాయంత్రానికి వేడెక్కిపోతోందేమో, ఫ్యాన్ పెట్టమంటావా" అని కూడా అడిగాడు. నవ్వాను గానీ, గుర్తులు చెప్పడంలో ఆయనే నాకన్నా మేలు. రోజు గడిచేకొద్దీ ఏదో పేరుకుంటోంది అన్న సంగతి ఆ మాటల్లోనే ఉంది.

విండోస్‌లో విండో అంటే తెరమీద కనిపించే పెద్ద పెట్టె ఒక్కటే కాదు. అందులోని ప్రతి బటనూ ఒక విండోనే, ప్రతి టెక్స్ట్ బాక్సూ ఒక విండోనే. ఒక్కోదానికీ సిస్టమ్ ఒక టోకెన్ ఇస్తుంది, దాని పేరే హ్యాండిల్. ఈ జాతివాటిని యూజర్ ఆబ్జెక్టులు అంటారు. ఒక ప్రోగ్రామ్‌కి 10,000 కన్నా ఎక్కువ ఇవ్వకూడదని విండోస్‌లో మామూలు పరిమితి. ర్యామ్ ఎంతున్నా ఈ లెక్క మారదు. అందుకే 16 జీబీ ఉన్న నా లాప్‌టాప్‌కైనా, కొట్లో పాత కంప్యూటర్‌కైనా ఒకటే గతి.

మరి ఒక బిల్లు ఫారంలో పదివేలు ఎక్కణ్ణుంచి వస్తాయి? టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కి వెళ్లి, పైనున్న శీర్షికల వరస మీద రైట్ క్లిక్ చేసి, సెలెక్ట్ కాలమ్స్‌లో యూజర్ ఆబ్జెక్ట్స్ టిక్ పెట్టండి. ప్రతి ప్రోగ్రామ్ ఎన్ని వాడుతోందో కనిపిస్తుంది. జీడీఐ ఆబ్జెక్ట్స్ కూడా పక్కనే ఉంటుంది, దానికీ పదివేలే హద్దు. నా ప్రోగ్రామ్ తెరవగానే 190. కొత్త బిల్లు నొక్కాను, 260. మళ్లీ నొక్కాను, 330. తగ్గట్లేదు. నొక్కిన ప్రతిసారీ డెబ్బై పెరుగుతోంది.

నేను బిల్లుకి పది వరసలు గీశాను. వరసకి ఒక కాంబో బాక్స్, మూడు టెక్స్ట్ బాక్సులు, ఒక డిలీట్ బటన్. కాంబో బాక్స్ చూడ్డానికి ఒకటే గానీ లోపల రాసే గడి, కిందకి జారే జాబితా విడివిడిగా ఉంటాయి కాబట్టి మూడు లెక్క. వరసకి ఏడు, బిల్లుకి డెబ్బై. బిల్లు అయిపోగానే పాతవన్నీ తీసేయడానికి కంట్రోల్స్ డాట్ క్లియర్ అని పిలిచాను. తెర ఖాళీ అయింది, నేను సంతోషించాను. కానీ క్లియర్ వాటిని తెరమీంచి పక్కకి తప్పిస్తుందే తప్ప, హ్యాండిళ్లని తిరిగి ఇచ్చెయ్యదు. అది చెయ్యాలంటే ఒక్కోదాని మీదా డిస్పోజ్ పిలవాలి. మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషన్‌లో క్లియర్ గురించిన పేజీలోనే ఈ హెచ్చరిక ఉంది. నేను చదవలేదు. పదివేలని డెబ్బైతో భాగిస్తే 142. మామూలు రోజున కొట్లో అరవై, డెబ్బై బిల్లులు. తొలకరి రోజున నాలుగున్నరకల్లా నూట నలభై దాటాయి. అంతే.

ఇక్కడ ఇంకో బోల్తా కొట్టాను, మీరు పడకండి. ఫర్ ఈచ్ లూప్ పెట్టి ఒక్కో కంట్రోల్‌నీ డిస్పోజ్ చేసి, చివర్లో క్లియర్ పిలిచాను. టాస్క్ మేనేజర్ చూస్తే డెబ్బైకి బదులు సుమారు ముప్పై అయిదు పెరుగుతోంది. సగం! ఎందుకంటే డిస్పోజ్ చేసిన కంట్రోల్ ఆ జాబితాలోంచి తప్పుకుంటుంది, వెనకున్నది ఒక స్థానం ముందుకి జరుగుతుంది, లూప్ మాత్రం తర్వాతి స్థానానికి వెళ్లిపోతుంది. ఒకటి తప్పించి ఒకటి మిగిలిపోతున్నాయి. ఎక్సెప్షన్ కూడా రాదు. చివరి నుంచి మొదటికి వెనక్కి లెక్కపెడుతూ డిస్పోజ్ చేస్తే సరిపోయింది. నిజానికి యాభై కంట్రోల్స్‌కి బదులు ఒక డేటా గ్రిడ్ వ్యూ పెట్టి ఉంటే ఈ గొడవే లేదు, దాని గళ్లు విండోలు కావు, ఊరికే గీసిన బొమ్మలు. తర్వాత అదే చేశాను.

బాగైందని ఎలా తెలుసుకున్నానంటే, కొత్త బిల్లు బటన్‌ని 500 సార్లు నొక్కే చిన్న లూప్ రాసి పెట్టాను. పాత కోడ్ ప్రతిసారీ 140 దగ్గర చచ్చేది. జనవరిలో నేను టెస్ట్ చేసింది అయిదు బిల్లులు.

ఇక రెండోది. దీన్ని చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

జూన్‌లో కొట్లోకి శీను అని కొత్త కుర్రాడు వచ్చాడు, నా వయసే. బిల్లులు అతనే కొట్టేవాడు. రెండో వారంలో ఒకరోజు రాత్రి లెక్క చూస్తే గల్లాపెట్టెలో 2,900 తక్కువ. మావయ్య ఏమీ అనలేదట. శీను ముందే నోట్లు రెండోసారి లెక్కపెట్టాడట, అంతే. ఆ సంగతి అత్తయ్య నాతో ఫోన్‌లో అంది. శీను మర్నాడు పనిలోకి వచ్చాడు గానీ ఎవరితోనూ మాట్లాడలేదట.

నేను డేటాబేస్ ఫైల్ తెప్పించుకుని చూశాను. ఒకే రైతు, ఒకే సరుకు, 1,450 రూపాయల బిల్లు మూడుసార్లు, వరస నంబర్లతో, మధ్యలో నాలుగేసి సెకన్ల తేడాతో. ఏ రైతూ ఒకే సరుకుని నాలుగు సెకన్లకోసారి కొనడు. మావయ్యకి ఫోన్ చేసి ఆ ప్యాకెట్లు లెక్కపెట్టమన్నాను. కంప్యూటర్ చెప్పిన దానికన్నా అల్మరాలో ఎక్కువే ఉన్నాయి. డబ్బు తక్కువ, సరుకు ఎక్కువ. దొంగతనమైతే అలా ఉండదు.

జరిగిందేంటో చెప్పాలంటే విండోస్ ప్రోగ్రామ్ లోపల పని ఎలా సాగుతుందో చూడాలి. కొట్లో ఒకే గుమస్తా ఉన్నాడనుకోండి. వచ్చినవాళ్లు వరసలో నిలబడతారు, అతను ఒక్కొక్కరి మాటా విని పంపిస్తాడు. విండోస్‌లో ఆ వరసని మెసేజ్ క్యూ అంటారు. మౌస్ క్లిక్, కీబోర్డు నొక్కు, తెర మళ్లీ గీయమన్న ఆజ్ఞ, అన్నీ అందులోకే వస్తాయి. 1985లో వచ్చిన మొదటి విండోస్ నుంచీ ఇదే పద్ధతి. ఆ గుమస్తానే యూఐ థ్రెడ్. అతన్ని గోడౌన్‌కి పంపితే కౌంటర్ దగ్గర పలికేవాడుండడు. అయిదు సెకన్లు పలక్కపోతే విండోస్ ఆ కిటికీని పాలిపోయినట్టు చేసి, పైన నాట్ రెస్పాండింగ్ అని రాస్తుంది. ప్రోగ్రామ్ చచ్చిపోలేదు, గోడౌన్‌లో ఉంది.

నా సేవ్ బటన్ బిల్లుని డేటాబేస్‌లో రాసి, ముసలి ప్రింటర్ మేలుకునేదాకా అక్కడే నిలబడేది. నాలుగు సెకన్లు. అయిదు దాటదు కాబట్టి నాట్ రెస్పాండింగ్ కూడా రాదు, ఊరికే బిగుసుకుపోతుంది. శీను నొక్కలేదేమో అనుకుని మళ్లీ నొక్కాడు, ఇంకోసారి నొక్కాడు. ఆ నొక్కులు ఎక్కడికీ పోలేదు, క్యూలో నిలబడ్డాయి. గుమస్తా తిరిగొచ్చి ఒకటి తర్వాత ఒకటి మూడింటినీ శ్రద్ధగా చేశాడు. ప్రింటర్లోంచి మూడు కాగితాలు వస్తే, ప్రింటర్ పిచ్చెక్కిందని శీను రెండు చించి పారేశాడు.

మొదట తోచిన మందు, సేవ్ మొదలవగానే బటన్‌ని డిసేబుల్ చేసి, అయ్యాక ఎనేబుల్ చెయ్యడం. పనిచెయ్యలేదు! క్యూలోని నొక్కులు గుమస్తా వచ్చాకే చూడబడతాయి, అప్పటికి బటన్ మళ్లీ ఎనేబుల్ అయిపోయి ఉంటుంది. గుమస్తా అసలు కౌంటర్ వదిలి వెళ్లకూడదు. అంటే బరువు పని ఇంకో థ్రెడ్‌కి ఇచ్చి, ఎసింక్, అవెయిట్ వాడి ఇతను కౌంటర్ దగ్గరే ఉండాలి. అప్పుడు డిసేబుల్ అయిన బటన్ మీద నొక్కులు అప్పటికప్పుడే వీగిపోతాయి.

ఇంకో థ్రెడ్ అనగానే మీకు తప్పకుండా ఎదురయ్యే వాక్యం క్రాస్-థ్రెడ్ ఆపరేషన్ నాట్ వ్యాలిడ్. గోడౌన్‌లో ఉన్నవాడు కౌంటర్ మీది వస్తువుల్ని ముట్టుకోకూడదు, ఏ కంట్రోల్‌నైనా పుట్టించిన థ్రెడ్డే మార్చాలి. అవెయిట్ తర్వాతి లైన్లు మామూలుగా యూఐ థ్రెడ్‌లోకే తిరిగొస్తాయి కాబట్టి అక్కడ మార్చుకోవచ్చు, లేదా ఇన్వోక్ అని పిలిచి ఆ పనిని కౌంటర్‌కి పంపాలి. ఈ తనిఖీనే ఆపేసే ఒక ప్రాపర్టీ ఉంది, ఫాల్స్ పెడితే ఎర్రర్ పోతుంది. నేనూ పెట్టాను. జ్వరం వస్తే థర్మామీటర్ విరగ్గొట్టినట్టు. పైగా ఈ తనిఖీ మామూలుగా డీబగ్గర్ తగిలించి ఉన్నప్పుడే నడుస్తుంది. కాబట్టి బయట ఎర్రర్ రాలేదు అన్నది సాక్ష్యం కాదు. ఇంకొకటి, అవెయిట్ చెయ్యాల్సినచోట డాట్ రిజల్ట్ అని రాస్తే ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ శాశ్వతంగా నిలబడిపోవచ్చు.

శీనుకి నేనే ఫోన్ చేసి చెప్పాను. "నీ తప్పు కాదు, నాది" అని. "మీ మావయ్యకి చెప్పారా" అని ఒకటే అడిగాడు. చెప్పాను.

వేరే కంప్యూటర్‌కి మారినప్పుడు వచ్చే తిప్పలు గబగబా చెప్పేస్తాను. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో మామూలు యూజర్‌కి రాసే హక్కు ఉండదు, నా లాగ్ ఫైల్ మొదట అక్కడే పెట్టి అనాథరైజ్డ్ యాక్సెస్ ఎక్సెప్షన్ తిన్నాను. యూజర్ లోకల్ యాప్ డేటా ఫోల్డర్ దానికోసమే ఉంది. యాక్సెస్, ఎక్సెల్ ఫైళ్లు చదివే ప్రొవైడర్ రిజిస్టర్ కాలేదు అని వస్తే, చాలాసార్లు అది లేక కాదు, మీ ప్రోగ్రామ్ 64-బిట్, అక్కడి ఆఫీస్ 32-బిట్ అయ్యుంటుంది. మాటలో మాట, 64-బిట్ విండోస్‌లో 64-బిట్ డీఎల్ఎల్‌లు సిస్టమ్32 ఫోల్డర్‌లోనూ, 32-బిట్‌వి పేరు చివర 64 ఉన్న సిస్‌వావ్64లోనూ ఉంటాయి. పాత ప్రోగ్రామ్‌లు చెడిపోకుండా అలా ఉంచారు, మనం తిట్టుకుంటూ గుర్తుపెట్టుకోవాలి.

తేదీది మాత్రం దొంగ బగ్. నేను తేదీని రోజు, నెల, సంవత్సరం వరసలో టెక్స్ట్‌గా దాచి, తిరిగి చదివేటప్పుడు ఊరికే పార్స్ అన్నాను. నా లాప్‌టాప్ రీజియన్ ఇండియా. కొట్లో కంప్యూటర్ రీజియన్ యునైటెడ్ స్టేట్స్, అక్కడ నెల ముందు. దాంతో జూన్ 5 కాస్తా మే 6 అయింది, నోరెత్తకుండా. 13వ తేదీన మాత్రం పదమూడో నెల లేదని గోల పెట్టింది. కొట్లో ఆ పాత రిపోర్టులు ఎవరూ తెరవలేదు కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. తేదీని డేటాబేస్‌లో తేదీగానే దాచండి.

చివరిది తెలుగు.

జనవరి నుంచి మావయ్య రైతుల పేర్లు ఇంగ్లీషులో కొట్టేవాడు. శీను వచ్చాక విండోస్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుని పేర్లు తెలుగులో రాశాడు. తెరమీద బాగుంది, బిల్లు మీద చక్కగా అచ్చయింది. జూలై మొదట్లో అప్పు ఖాతాల జాబితా తెరిస్తే పేర్లుండాల్సిన చోట అన్నీ ప్రశ్నార్థకాలు. నలభై ఒక్క ఖాతాలు.

కంప్యూటర్‌కి అక్షరం అంటే ఒక అంకె. యూనికోడ్‌లో 3072 నుంచి 3199 దాకా తెలుగుకి కేటాయించారు, మన 'అ' 3077. కానీ నేను డేటాబేస్‌లో పేరు కాలమ్‌ని వార్‌కార్ అని పెట్టాను. అది సర్వర్ కోడ్ పేజీలో ఉన్న అక్షరాలనే దాస్తుంది, నాది పశ్చిమ యూరప్ భాషల పేజీ. విండోస్ పాత పద్ధతి కోడ్ పేజీల్లో తెలుగుకి అసలు పేజీయే లేదు, మన భాష నేరుగా యూనికోడ్‌తోనే లోపలికి వచ్చింది. ఆ పేజీలో లేని అక్షరం వస్తే దాని బదులు 63 రాస్తుంది. 63 అంటే ప్రశ్నార్థకం. ఎన్‌వార్‌కార్ అని ఒక్క అక్షరం కలిపి ఉంటే సరిపోయేది. క్వెరీలోనే తెలుగు రాస్తే కోట్స్ ముందు కూడా ఎన్ పెట్టాలి. టెక్స్ట్ ఫైళ్లకైతే యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పాలి. పాత డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ అంటే ఆ పాత కోడ్ పేజీయే.

సేవ్ చేసినప్పుడు తెరమీద బాగానే కనిపించింది ఎందుకంటే అది టెక్స్ట్ బాక్స్‌లో ఇంకా మిగిలున్న మాట. డేటాబేస్‌లోంచి తిరిగి చదివిన మాట కాదు. నేను టెస్ట్ చేసిన పేర్లు ఇంగ్లీషులో టెస్ట్ వన్, టెస్ట్ టూ. ఒక తెలుగు ఊళ్లో, తెలుగు రైతుల కోసం రాస్తూ, ఎవరైనా తెలుగులో పేరు రాస్తారన్న ఆలోచన నాకు రాలేదు. నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియం అని సాకు చెప్పుకోవచ్చు. ఆ నలభై ఒక్కమందికి ఆ సాకు పనికిరాదు.

ఇది మిగతా బగ్‌ల్లా కాదు. కోడ్ మారిస్తే ఇకముందు పేర్లు బాగుంటాయి, పోయినవి రావు. 63ని చూసి అది ఒకప్పుడు 'ర' నో 'న' నో ఎవరూ చెప్పలేరు. నేను ప్రశ్నార్థకాలు లెక్కపెట్టాను. ఒత్తులు, గుణింతాలు, సున్నా విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి కంటికి అయిదు అక్షరాలుగా కనిపించే వెంకటేశ్వర్లు కంప్యూటర్‌కి పదమూడు. పదమూడు ప్రశ్నార్థకాల ఖాతా ఒక్కటే ఉంది, మావయ్య వెంటనే పట్టేశాడు. సుబ్బయ్య ఎనిమిది, అదీ దొరికింది. రామయ్యా ఆరే, నాగయ్యా ఆరే. ఒక ఖాతాలో 4,200 బాకీ, ఇంకోదాంట్లో 11,500.

కాగితం ఖర్చని ఒక్క కాపీ చాలన్నది కూడా నేనే, అది రైతు చేతికి వెళ్లిపోయింది. పేర్లన్నీ ఊళ్లో ఎవరి ఇంట్లో వాళ్ల దగ్గర భద్రంగా ఉన్నాయి, మా దగ్గర తప్ప. మావయ్య ఒక నోటుపుస్తకం పెట్టాడు. బాకీ కట్టడానికో, మందు కోసమో వచ్చినవాళ్లని బిల్లు తెమ్మని అడిగి, నంబరు చూసి శీను పేరు సరిచేస్తూ వచ్చాడు. నాగయ్య తనే వచ్చి "నాది పదకొండున్నర వేలు" అన్నాడట, ఎవరూ అడక్కముందే.

సెలవులకి వెళ్లినప్పుడు జాబితా తెరిచి చూశాను. నలభై పేర్లు తెలుగులో నిండుగా ఉన్నాయి. అడుగున ఒకటి మాత్రం తొమ్మిది ప్రశ్నార్థకాలు, ఎదురుగా 2,350. శీను దాన్ని చెరపలేదు.